ఆకుపచ్చ టోపీ మీద కుళ్ళు

మా రొయ్యల కంపెనీ బస్సు పొద్దున ఆరింటికి తోటపల్లి గూడూరు సెంటర్లో ఆగుతుంది. అందులో డ్రైవరు వెనక సీటు నాది. నాకు రాసిచ్చినవాళ్ళెవరూ లేరు, అయినా పదేళ్ళుగా ఇంకొకరు అందులో కూర్చున్న పాపాన పోలేదు. అక్కడ కూర్చుని వెనక్కి తిరిగితే నాకు బస్సంతా కనబడుతుంది, బస్సంతటికీ నేను కనబడతాను. కతలు చెప్పేవాడికి ఇంతకన్నా ఏం కావాల?

నా కతలన్నీ అబద్ధాలని వినేవాళ్ళకు తెలుసు. అబద్ధాలేనని నాకూ తెలుసు. వాకాడు అవతల ఒక గుంటలో రొయ్య ఎంత పెరిగిందంటే, దాని మీసాల మీద ఊరివాళ్ళు గుడ్డలారేసుకున్నారని చెప్పినా. చిట్టమూరులో ఒక ఎండ్రకాయ నా ఎర్ర చెప్పు ఎత్తుకపోయి, సైజు సరిపోలేదని మర్నాడు తెచ్చి గుమ్మం ముందర పెట్టిపోయిందని చెప్పినా. రెండో చెప్పు కూడా ఇమ్మని అడగలేదా అన్నా అని వెనక సీటు నుంచి ఎవరో అరుస్తారు. అడిగింది, నేనే ఇవ్వలేదు అంటా. గేటు వచ్చేదాకా అదే నవ్వు. లోపలికి పోతే పది డిగ్రీల చలి, చేతికి బ్లీచింగు నీళ్ళు, కాలికి గమ్‌బూట్లు. ఆ చలిలోకి పోయే ముందు కాస్త వెచ్చబెట్టి పంపేది నా పని అని నాకు నేనే ఉద్యోగం ఇచ్చుకున్నా.

అసలు ఉద్యోగం వేరే. గుంటల దగ్గర్నించి లారీలో వచ్చిన రొయ్యలను దించి, తూకం వేసి లోపలికి పంపడం. మా ఆవిడ లోపల గ్రేడింగులో. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది ఆ రొయ్య కౌంటు. బెల్టు మీద పోతా ఉండే రొయ్యను చూసి, ఇది ముప్పై, ఇది యాభై అని చేత్తో ఏరి వేరే పెట్టెలో వేయాల. ఆమె చెయ్యి ఎంత ఖచ్చితమంటే, ఆమె వేసిన పెట్టెను మళ్ళీ తూకం వేసినవాడు లేడు. ఇది మాత్రం కత కాదు.

ఆ సంవత్సరం నా కతల్లో బాగా ఆడినవి మూడు. మూడూ మా ఆవిడవే.

మొదటిది గాలి పులుసు. ఆమె ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి, అడుగు మాడి నల్లగా అయిందాకా దాని ముందరే నిలబడి చూస్తా ఉండింది. నేను బస్సులో ఏం చెప్పినానంటే, మా ఇంట్లో కొత్త వంట, గాలి పులుసు, చింతపండు ఖర్చు కూడా లేదు, నేను రెండు సార్లు వడ్డించుకున్నా అని. రెండోది గూడూరు ప్రయాణం. కూరగాయలకని నెల్లూరు పోయి, తిరిగి వచ్చేటప్పుడు మా తోటపల్లి గూడూరు బస్సు బదులు ఇంకో దిక్కునుండే పెద్ద గూడూరు బస్సెక్కి, ఆ ఊళ్ళో దిగి, బస్టాండులో మూడు గంటలు కూర్చుని ఫోన్ చేసింది. దాన్ని నేను వంకాయల సంచికి గూడూరు చూపించను పోయిందని చెప్పినా. మూడోది, వానలో పెరటి మెట్టు మీద కూర్చుండిపోవడం. తీగ మీద గుడ్డలు తడుస్తా ఉంటే తీయకుండా అట్టాగే చూస్తా ఉండింది. వానకు కూలి ఇచ్చి గుడ్డలు ఉతికిస్తా ఉండాది అని చెప్పినా. ఆ పూట నవ్వుకు బస్సు పక్కకు ఒరిగిందని నా అభిప్రాయం.

మా ఆవిడ మూడో వరసలో కిటికీ దగ్గర కూర్చుంటుంది. మొదటి కతకు నవ్వింది. రెండోదానికి కిటికీ వైపు తిరిగింది. మూడోదానికి ఏం చేసిందో నాకు గుర్తులేదు. నేను వినేవాళ్ళను చూస్తా ఉండినా.

ఆ రోజుల్లోనే కంపెనీలో మనసు ఆరోగ్యం అని ఒక కార్యక్రమం పెట్టినారు. మా రొయ్యలు కొనే బయటి దేశం వాళ్ళు, పనివాళ్ళ చేతులే కాదు మనసు కూడా ఎట్టుందో చూసుకోండి అని అడిగినారంట. హెచ్.ఆర్. మేడం అందరినీ క్యాంటీనులో కూర్చోబెట్టింది. మద్రాసు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆమె తెలుగు కొంచెం అరవం కలిసి వచ్చింది గానీ, అర్థం అయ్యేటట్టే చెప్పింది. నిద్ర పట్టకపోవడం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం, ఇష్టమైనవి కూడా రుచించకపోవడం, ఇవి సోమరితనం కాదు, దయ్యం కాదు, జ్వరం మాదిరి ఇది కూడా ఒక జబ్బే, మందు ఉంది అని చెప్పింది. తర్వాత అడిగింది.

"మీలో ఈ మధ్య కారణం లేకుండా ఏడుపు వచ్చినవాళ్ళు ఉంటే చెయ్యెత్తండి. సిగ్గు పడాల్సిన పని లేదు."

క్యాంటీనంతా నిశ్శబ్దం. నాకు నిశ్శబ్దం అంటే ఒంటికి పడదు.

"నాకొస్తుంది మేడం. ఉల్లిపాయలు కోసినప్పుడు" అన్నా.

నలభై మంది ఆడవాళ్ళు ఒక్కసారి నవ్వినారు. డాక్టరమ్మ కూడా నవ్వింది, పాపం మర్యాద గల మనిషి. నా పక్కన మా ఆవిడ చెయ్యి టేబుల్ మీద నుంచి కొంచెం లేచి ఉండింది. ఆ నవ్వుకు మళ్ళీ దిగిపోయింది. నేను చూసినా. చూసి, నీళ్ళ గ్లాసు కోసం అనుకున్నా.

ఆ వారంలోనే మేడం ఇంకో మాట చెప్పింది. మా దగ్గర లోపలికి పోయేటప్పుడు గౌను, మాస్కు, టోపీ అన్నీ తొడగాల. కళ్ళు తప్ప ఏమీ కనబడవు, కట్టుకున్న మొగుడే ఎదురొచ్చినా పోల్చుకోలేం. టోపీ రంగే గుర్తు. పనివాళ్ళకు తెలుపు, సూపర్వైజర్లకు నీలం, ఐసు దగ్గరవాళ్ళకు పసుపు. ఇప్పుడు కొత్తగా ఒక్క ఆకుపచ్చ టోపీ ఇస్తాం అనింది మేడం. అది పెట్టుకున్న మనిషి దగ్గర ఎవరైనా పోయి మనసులో మాట చెప్పుకోవచ్చు. విన్న మాట ఆ మనిషి దాటి పోదు. గమ్‌బూట్లు కడిగే తొట్టి పక్కన రెండు కుర్చీలు వేయిస్తాం, టీ టైములో అక్కడ కూర్చోండి. ఆ టోపీ ఎవరికివ్వాలో మీరే చీటీల మీద రాసి ఐసు డబ్బాలో వేయండి.

నేను ఆ పొద్దు ఇంటికొచ్చి గడ్డం గీసుకున్నా. ఎందుకంటే అది నాకే అని నాకు అనుమానం కూడా లేదు. ఈ కంపెనీలో అందరితో మాట్లాడేది ఎవరు? నేను. అందరినీ నవ్వించేది ఎవరు? నేను. ఆకుపచ్చ నా రంగుకు నప్పుతుందా లేదా అన్నదొక్కటే ఆలోచించినా.

డబ్బా తెరిచినారు. నాకు రెండు ఓట్లు. అందులో ఒకటి నా చేతి రాత.

టోపీ, రొయ్యల తల తీసే టేబుల్ దగ్గరుండే అక్కకు పోయింది. అక్కంటే అరవైకి దగ్గర పడిన మనిషి. ఆదివారం చర్చికి పోయి వచ్చి మధ్యాహ్నం షిఫ్టుకు వస్తుంది. ఆమె నోటి నుంచి నేను పదేళ్ళలో విన్న మాటలు వేళ్ళ మీద లెక్క పెట్టొచ్చు: "ఊఁ", "ఆఁ", "తర్వాత?", "టీ చల్లారిపోతా ఉండాది". ఈమెకు, మాట్లాడడమే రాని మనిషికి, మాట్లాడే టోపీ ఇచ్చినారు!

"అది మాట్లాడే టోపీ కాదు బావా, వినే టోపీ" అనింది ఐసు దగ్గర పనిచేసే ఒకామె.

"వినడానికి మనిషెందుకు? గోడకు పెట్టండి టోపీ" అన్నా. ఎవరూ నవ్వలేదు. నా మాటకు ఎవరూ నవ్వకపోవడం అదే మొదటిసారి. ఆ పొద్దు నుంచే నాకు ఆ టోపీ మీద కుళ్ళు మొదలైంది.

మొదటి వారం కుర్చీలు ఖాళీగానే ఉండినాయి. నేను దించిన ప్రతి డబ్బాతోనూ ఒకసారి అటు చూసి సంతోషపడినా. రెండో వారం ఒక పిల్ల పోయి కూర్చుంది, ప్యాకింగులో చేరి రెండు నెలలైన పిల్ల. ఆ తర్వాత ఇంకొకరు. మూడో వారంలో టీ టైముకు ఆ తొట్టి దగ్గర చిన్న వరస. నా దగ్గరికి వచ్చి "ఏం కతన్నా ఈ పొద్దు" అనేవాళ్ళు అటు పోతా "ఉండన్నా, అక్క దగ్గరికి పోయొస్తా" అనడం మొదలుపెట్టినారు. నేను ఎండ్రకాయకు రెండో చెప్పు కూడా ఇచ్చి చూసినా. లాభం లేకపోయింది.

ఇదంతా ఒక ఎత్తు. ఒక మంగళవారం ఆ రెండో కుర్చీలో మా ఆవిడ కూర్చుని కనబడింది.

మాస్కు గడ్డం కిందికి లాక్కుని మాట్లాడతా ఉంది. నేను లారీ పక్కన డబ్బా చేత్తో పట్టుకుని నిలబడిపోయినా. ఆమె చేతులు కదలతా ఉండినాయి. ఇట్టా తిప్పి, అట్టా చూపించి, వేళ్ళు మడిచి. ఆమె చేతులతో మాట్లాడడం నేను చూసి ఎంత కాలమైందో! పెళ్ళైన కొత్తలో అట్టా మాట్లాడేది, చేతి గాజులు ఆమె మాటకు తాళం వేస్తా ఉండేవి. అక్క మాత్రం తల ఒక పక్కకు వాల్చి, టీ గ్లాసు ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా కూర్చోనుంది.

"యో, తూకం చెప్పవేంది? నిద్రా?" అని లారీవాడు అరిచినాడు. నేనేదో అంకె చెప్పినా. ఆ పొద్దు నా తూకానికి, లోపల తూకానికి పొంతన కుదరక సూపర్వైజరు చేత చీవాట్లు తిన్నా.

ఇంటికి పోతా అడిగినా. "ఏమ్మే, ఏం మాట్లాడినావు ఆమెతో?"

"ఏముండాది. ఉత్త మాటలే."

"ఉత్త మాటలకు పావుగంటా?"

"నువ్వు ఎండ్రకాయకు అరగంట చెప్పలేదా?"

అంతే. బుధవారం మళ్ళీ పోయింది. శుక్రవారం మళ్ళీ. నిజం చెప్తా ఉండా, మా ఆవిడ ఇంకో మగాడితో నవ్వి మాట్లాడినా నాకు అంత కాలేది కాదేమో. ఆ మగాడి కన్నా నేను ఏదో ఒకదాంట్లో మేలని సర్ది చెప్పుకునేవాణ్ణి. ఇక్కడ పోటీ "ఊఁ" అనే ముసలామెతో. ఏం జూసి పోతా ఉంది? నాకు చెప్పని మాట ఏముంది? నా గురించేనా? ఆ కుర్చీల వెనక ఒక పైపు ఉంది, దాన్ని రిపేరు చేస్తా ఉన్నట్టు నటించి వినబోయినా. అక్క నన్ను చూసి, మా ఆవిడను మాట ఆపమన్నట్టు చెయ్యి పైకెత్తి, నేను పోయిందాకా అట్టాగే ఉంచింది. ఆ చెయ్యి చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటలోనే నేను నా జీవితంలో అన్నిటికన్నా బాగా అతికిన అబద్ధం చెప్పినా.

బస్సులో గట్టిగా చెప్పలేదు. అక్కడే ఉంది తెలివి. గట్టిగా చెప్తే కత అనుకుంటారు. దిగేటప్పుడు ఇద్దరి చెవిలో మాత్రం గొంతు తగ్గించి చెప్పినా: "అక్క దగ్గర ఎర్ర అట్ట నోటు పుస్తకం ఉంది. మీరు చెప్పేదంతా రోజూ సాయంత్రం రాసి మేడం టేబుల్ మీద పెడతా ఉంది. ఎవరికి తల బాగలేదో చూసి, పండగ ముందర పనిలోంచి తీసేస్తారంట. నాకెందుకులే, మీ మంచికి చెప్తా ఉండా."

రెండు రోజుల్లో కుర్చీలు ఖాళీ అయినాయి. అక్క టీ గ్లాసు పట్టుకుని ఒక్కతే కూర్చునేది. ఎదురుగా ఖాళీ కుర్చీ. నాకు ఎంత హాయిగా ఉండిందో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, అయినా హాయిగానే ఉండింది. మా ఆవిడ కూడా పోవడం మానేసింది. టీ టైములో గ్రేడింగు తలుపు దగ్గరే నిలబడి, గోడకు ఆనుకుని, నేల చూస్తా ఉండేది.

పది రోజులు కాలేదు. ఒక పొద్దు లోపల బెల్టు ఆపేసినారని కబురు. లోపలికి కనబడే అద్దం కిటికీలోంచి చూసినా. మా ఆవిడ బెల్టు ముందర నిలబడి ఉంది. చేతులు రెండూ రొయ్యల మీద పెట్టి అట్టాగే నిలబడి ఉంది. రొయ్యలు ఆమె వేళ్ళ కింద నుంచి పోయి, ముప్పై కౌంటు యాభైలో, యాభై ముప్పైలో కలిసి, పెట్టెలు నిండి కింద పడిపోయినాయి. ఎవరో భుజం పట్టుకుని పిలిచినా పలకలేదంట. నీలం టోపీ సూపర్వైజరు చేతులు ఊపుతా అరుస్తా ఉన్నాడు. అద్దం ఇవతలికి మాట వినబడలేదు. తర్వాత మేడం గదిలో అదే మాట నా ముందరే అన్నాడు.

"మేడం, తల బాగలేని మనిషిని బెల్టు మీద నేను పెట్టుకోలేను. లాటంతా మళ్ళీ ఏరించినా. ఇంటికి పంపించేయండి."

మేడం మంచిదే. "సోమవారం దాకా సెలవు తీసుకోండమ్మా. డాక్టరుకు చూపించుకుని ఒక ఉత్తరం తెండి. అప్పుడు మాట్లాడదాం" అనింది. మా ఆవిడ తలూపింది. ఆమె చేతులు ఇంకా తడిగానే ఉండినాయి. తుడుచుకోవడం మర్చిపోయింది. పన్నెండేళ్ళు ఆ చేతుల మీద బతికిన కంపెనీ. ఆ పని పోతే ఆమెకు ఇంట్లో ఆ ఖాళీ గిన్నె తప్ప ఏముంది? ఆమె మాట్లాడుకునే కుర్చీ కూడా నేనే ఖాళీ చేయించినా.

పరిగెత్తుకుంటా టీ టైముకు బస్సువాళ్ళందరి దగ్గరికీ పోయినా. "అక్క మీద చెప్పింది అబద్ధం. పుస్తకం లేదు, అట్ట లేదు. నేనే పుట్టించినా" అన్నా.

వాళ్ళు నా మొహం చూసి నవ్వినారు. "అబ్బా, ఈ కత బాగుండాది బావా" అనింది ఐసు ఆమె. "తర్వాత?"

నిజమే చెప్తా ఉండానని ఒట్టు వేసినా. ఇంకా నవ్వినారు. ఒట్టు నేను ఎండ్రకాయ కతలో కూడా వేసినానంట. నాకే గుర్తులేదు.

ఇక మిగిలింది అక్క. పోయి ఆ రెండో కుర్చీలో కూర్చున్నా. ఎట్టా మొదలు పెట్టాలో తెలీక, మా పక్కింటాయనకు ఒక స్నేహితుడున్నాడు అని మొదలుపెట్టినా. ఆ స్నేహితుడు ఒకామె మీద కుళ్ళుకుని, ఆమె మీద ఒక మాట పుట్టించి... అక్క "ఊఁ" అనింది. నేను చెప్తా పోయినా. ఎక్కడో మధ్యలో ఆ స్నేహితుడు పోయి నేను వచ్చినా. ఆమె "ఊఁ" ఆపలేదు. నేను అంత సేపు మాట్లాడి ఎవరినీ నవ్వించకుండా ఉండింది ఆ పొద్దే.

అయిపోయినాక అడిగినా. "ఆమె నీతో ఏం చెప్పింది అక్కా?"

"నాకు చెప్పింది నాతోనే ఉంటుంది అబ్బయ్యా."

"నేను మొగుణ్ణి."

"అందుకే ఆమెనే అడుగు." టీ గ్లాసు చేతిలోకి తీసుకుని, "నాకు చెప్పినావే, ఇది ముందర ఆమెకు చెప్పు. మేడంకు కూడా చెప్పు. టీ చల్లారిపోతా ఉండాది" అనింది.

నన్ను ఒక తిట్టు తిట్టుంటే బాగుండేది. ఆమె తిట్టలేదు. దానికి కూడా నాకు కుళ్ళే. నేనైతే తిట్టుండేవాణ్ణి.

మేడంకు చెప్పినా. ఆమె విని, మర్నాడు క్యాంటీనులో అందరి ముందరా నిలబడి మీరే చెప్పండి అనింది. చెప్పినా. మేడం పక్కన నిలబడి ఉంది కాబట్టి ఈసారి ఎవరూ నవ్వలేదు. నమ్మినారు. నలభై జతల కళ్ళు నా మీద ఉండినాయి గానీ, బస్సులో ఉన్నట్టు మాత్రం లేవు.

కానీ అంతకు ముందరి సాయంత్రమే మా ఆవిడకు చెప్పాల్సి వచ్చింది. బస్సు దిగి మా వీధికి పోయే మట్టి దోవ. రెండు పక్కలా రొయ్యల గుంటలు, వాటిలో నీళ్ళు చిలికే చక్రాలు తిరగతా ఉండినాయి. సెలవు పెట్టిన మనిషి, నాకు ఎదురు రావాల్సిన పని లేదు. అయినా దోవ మధ్యలో నిలబడి గుంట చూస్తా ఉంది. పోయి పక్కన నిలబడినా.

"ఆ అక్క మీద మాట..." అన్నా.

"నువ్వే పుట్టించినావు. తెలుసు."

నేను ఆమె వైపు తిరిగినా.

"నోటు పుస్తకానికి ఎర్ర అట్ట అని ఎవరో చెప్పినారు. నీ కతలో ఏ వస్తువుకైనా ఎర్ర రంగే కదా. పద్దెనిమిదేళ్ళుగా వింటా ఉండా. నాకు తెలీదా?"

"తెలిసి ఎందుకు మానేసినావే?"

ఆమె చక్రం వైపే చూస్తా చెప్పింది. "మళ్ళీ పోతే ఇంకేం కత కడతావో అని. గాలి పులుసు చెప్పినావు. గూడూరు చెప్పినావు. వాన చెప్పినావు. అవి కతలు కాదయ్యా. గిన్నె ముందర నిలబడినప్పుడు పొయ్యి మీద ఏం పెట్టినానో నాకు తెలీలేదు. గూడూరులో దిగినాక అది ఏ ఊరో తెలీలేదు. భయమేసి నీకు ఫోన్ చేసినా. నువ్వు వచ్చి నన్ను తీసుకపోయినావు, బాగానే చూసుకున్నావు. తెల్లారి బస్సులో వంకాయలు అన్నావు. అందరూ నవ్వినారు. అప్పుడు నాకేమనిపించిందో తెలుసా? ఇంక నాకేమైనా ఇతనికి చెప్పకూడదు, ఇతనికి చెప్తే బస్సుకు చెప్పినట్టే అని."

ఓటు గురించి అడగాలని నా నోటి దాకా వచ్చింది. ఆ సమయంలో కూడా! ఆమె నా మొహం చూసి, "ఆ, నేనూ అక్కకే వేసినా" అనింది.

ఏదైనా మాట్లాడితే అది కత అవుతుందని భయం వేసింది. చివరికి "శనివారం డాక్టరు దగ్గరికి పోదాం" అన్నా.

"అక్క కూడా అదే చెప్పింది. ఎవరితో పోవాల్నా అని ఆలోచిస్తా ఉండినా" అనింది.

ఎవరితో పోవాల్నా! ఆ ఒక్క మాట నన్ను కోసినట్టు ఇంకేదీ కోయలేదు.

నెల్లూరులో మనసు డాక్టరు గది బయట ఒక బెంచీ. మా పేరు పిలిచినాక ఇద్దరం లేచినాం. ఆమె తలుపు దగ్గర నిలబడి నన్ను చూసి, "నువ్వు బయట కూర్చో" అనింది. కూర్చున్నా. తలుపు మూసుకుంది. ఆ తలుపు మీద కుళ్ళు వచ్చింది నాకు. ఆ తలుపు లోపల ఎవరో ఒకాయన, నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు, మా ఆవిడ మాట వింటా ఉన్నాడు. పక్కన కూర్చున్న పెద్దాయన, "ఎవరికి బాబూ?" అని అడిగినాడు. నాలిక చివర ఒక కత తయారుగా ఉంది, ఎర్ర రంగు కూడా పడింది దానికి. మింగేసి "మా ఆవిడకు" అన్నా. "మా కొడుక్కి" అన్నాడాయన. ఇద్దరం తలుపు వైపు చూస్తా కూర్చున్నాం.

బయటికి వచ్చేటప్పటికి ఆమె కళ్ళు ఎర్రగా ఉండినాయి. (ఈ ఎరుపు నిజమైంది.) చేతిలో మందుల చీటీ, కంపెనీకి ఉత్తరం. రెండు వారాల తర్వాత మళ్ళీ రమ్మన్నాడంట. లోపల ఏం జరిగిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. అడగకుండా ఉండడానికి నెల్లూరు నుంచి మా ఊరు దాకా కిటికీ కమ్మీ గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది. ఈ కాగితాలు కూడా ఆమె చదివిన తర్వాతే మీ దాకా వస్తా ఉండాయి. రెండు చోట్ల కొట్టేసింది. కొట్టేసిన చోట నేను ఏమీ పూడ్చలేదు.

సోమవారం ఉత్తరం చూసి మేడం, కొన్నాళ్ళు బెల్టు వద్దు, అక్క టేబుల్ దగ్గర చేత్తో తల తీసే పని చేయండి, కుదుటపడినాక గ్రేడింగు మీదేనమ్మా అనింది. సూపర్వైజరు మొహం చిట్లించినాడు గానీ ఒప్పుకున్నాడు. ఆమె పని నిలబడింది.

ఆ సోమవారం పొద్దున బస్సు ఎక్కగానే వెనక నుంచి మొదలైంది.

"ఏం బావా, వదిన వారం రోజులు కనబడలేదే? శనివారం నువ్వు కూడా లేవు. ఎక్కడికి ఎగిరిపోయినారు ఇద్దరూ?"

బస్సంతా నా వైపు తిరిగింది. క్యాంటీను సంగతి తర్వాత వాళ్ళు నన్ను అడగడం అదే మొదలు. నన్ను క్షమించేసినారని, మళ్ళీ నా సీటు నాకిస్తా ఉన్నారని అర్థమైంది. నా దగ్గర సరుకు కూడా ఉంది. డాక్టరు గది బయట బెంచీ ఉంది, నెల్లూరు ఎండ ఉంది, బస్సులో కమ్మీ ఉంది. మూడో వరసలో మా ఆవిడ కిటికీ వైపు తిరిగి ఉంది. మెడ మాత్రం బిగుసుకుపోయి ఉంది, దెబ్బ కోసం కాచుకున్న మనిషి మెడ మాదిరి.

"ఆమెను అడగండి. నాకు తెలీదు" అన్నా.

అందరి తలలూ అటు తిరిగినాయి. ఆమె నన్ను చూసింది. తర్వాత వాళ్ళను చూసింది.

"నెల్లూరు పోయినాం. మనసు డాక్టరు దగ్గరికి. నాకు ఏడాదిగా నిద్ర లేదు, ఏదీ గుర్తుండడం లేదు. మందులిచ్చినాడు" అనింది. టమాటా ధర చెప్పినట్టు చెప్పింది.

అప్పుడు చివరి సీటు నుంచి ఐసు ఆమె, నన్ను రోజూ ఎగతాళి చేసే మనిషి, లేచి వచ్చి మా ఆవిడ పక్కన కూర్చుంది.

"నాకూ పట్టదు వదినా. మా అమ్మ పోయినప్పటి నుంచి. ఆ మందులు తింటే పగలు మత్తుగా ఉంటుందా?"

ఇంకొకామె ముందు సీటు మీద మోకాళ్ళు పెట్టి వెనక్కి తిరిగింది. ఇంకొకామె పక్కన నిలబడింది. ప్యాకింగు పిల్ల కూడా లేచింది. ఆ పొద్దు డాక్టరమ్మ అడిగితే పైకి లేవని చేతులు, మా ఆవిడ నాలుగు మాటలకు ఆమె సీటు కమ్మీ పట్టుకుని నిలబడినాయి. నా పదేళ్ళ కతల్లో ఏ ఒక్కదానికీ ఎవరూ సీటులోంచి లేవలేదు.

చెవులు రిక్కించినా. ఇంజను మోతలో ఒక్క ముక్క వినబడలేదు. ఆమె చేతులు మాత్రం కదలతా కనబడినాయి. ఉండబట్టలేక నేను కూడా లేచి వెనక్కి పోయినా.

"కొంచెం జరగండమ్మా" అన్నా.

ఎవరూ జరగలేదు. ఐసు ఆమె నా వైపు తిరిగి, "నిలబడి వినాలంటే విను బావా. నోరు మాత్రం తెరవొద్దు" అనింది.

నిలబడి విన్నా.